చెంబు పట్టుకున్న మనిషిని ఫోటో తీయకండి

మా చిన్నాయన కొడుకు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిగా చేరి ఏడాది దాటింది. పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు అప్పట్ల లెట్రిన్ల పని చేసినవు గదా, ఒక్క ముచ్చట చెప్పు. మా ఊళ్లె అందరికీ లెట్రిన్లున్నయి, అయినా సగం మంది చెర్వు కట్టకే పోతున్నరు. పైనుంచి లిస్టు అడుగుతున్నరు. వాడకుంటే పెన్షన్ ఆపుతమని నోటీసు ఇయ్యమంటున్నరు. ఇస్తే భయపడి వాడుతరంటవా?"

వద్దు తమ్మీ, ఇయ్యకు అన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో సగమే చెప్పగలిగాను. వాడికి పొద్దున్నే మీటింగ్, నాకు పిల్లల పరీక్షల టెన్షన్. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్న కార్యదర్శులు, మహిళా సంఘాల పని చూసే వీవోఏలు, ఆశ అక్కలు, వార్డు మెంబర్లు ఎవరైనా చదివితే వాళ్లకూ పనికొస్తుందేమోనని.

నేను 2016 నుంచి రెండేళ్లు పరకాల వైపు ఊళ్లలో మహిళా సంఘాల తరఫున ఈ పని చేశాను. స్వచ్ఛ భారత్ మిషన్ 2014 అక్టోబరు 2న మొదలైంది. నేను పని చేసిన రోజుల్లో మరుగుదొడ్డి కట్టుకున్న ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చేవాళ్లు, అందులో 7,200 కేంద్రానివి, 4,800 రాష్ట్రానివి. అంతకుముందు కూడా పథకాలు ఉన్నాయి, ఇందిరమ్మ ఇళ్లప్పుడు కట్టిన ఐఎస్ఎల్‌లు, అంటే ఇంటింటి మరుగుదొడ్లు, కొన్ని మా ఊళ్లో ఇప్పటికీ తలుపు లేకుండా నిలబడి ఉన్నాయి. కానీ 2016, 17లో ఉన్నంత హడావుడి నేనెప్పుడూ చూడలేదు. గుంత తవ్వితే ఒక ఫోటో, గోడ లేస్తే ఒక ఫోటో, అయిపోయాక ఇంటాయన తలుపు ముందు నిలబడి ఇంకో ఫోటో, అది ఎక్కడ తీశారో కూడా ఫోన్లోనే నమోదయ్యేది. ఆ తలుపు వెనక ఎవరైనా కూర్చుంటున్నారా లేదా అన్నది మాత్రం ఏ ఫోటోలోనూ పడదు. నేను తిరిగిన ఇళ్లలో కొన్నింట్లో పిడకలు, కొన్నింట్లో యూరియా బస్తాలు, ఒక ఇంట్లో అప్పుడే పుట్టిన మేకపిల్లలు ఉండేవి. నాకు వాళ్ల మీద కోపం వచ్చేది. పన్నెండు వేలు తీసుకొని మేకలను కట్టేస్తారా అనుకునేదాన్ని. ఆ కోపం తప్పని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, అర్థమైంది మా ఇంట్లోనే.

మా ఊళ్లో ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు సీటీలు ఊదే బ్యాచ్ ఒకటి బయల్దేరింది. ఎవరి ఆర్డరో, ఎవరు చేశారో పేర్లు ఇప్పుడెందుకు. మా పెద్దబాపుకు అప్పుడు డెబ్బై దాటాయి. చెంబు పట్టుకొని కట్ట దిగుతుంటే ముఖం మీద టార్చ్‌లైట్ కొట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఫోటో తీశారు. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, ఆ గ్రూపులో ఆయన మనవళ్లున్నారు, వియ్యంకుల వాళ్లున్నారు. "బంతిపూలు దసరాకు గడపకు కడ్తం, గట్ల మనిషి మెడల ఏస్తరా?" అని మా పెద్దమ్మ రెండు రోజులు ఏడ్చింది.

తర్వాత ఏమైందో చెప్తాను, ఎందుకంటే భయపెడితే దారికొస్తారు అనేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. పెద్దబాపు మరుగుదొడ్డి వాడలేదు. సెంటర్‌లో చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. నలభై ఏళ్లుగా పొద్దున చాయ్ తాగి, పేపర్ చదివించుకొని విన్న మనిషి, ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బయటికి పోవడం మూడు గంటలకు మార్చుకున్నాడు, సీటీలు వచ్చేలోపే, కట్ట అవతల సర్కారు తుమ్మల్లోకి, అంటే మొదటికంటే దూరం, మొదటికంటే చీకటి. ఒక రోజు గట్టు మీద కాలు జారి మోకాలు పగిలింది. ఆ నెల లిస్టులో మాత్రం ఆయన ఇంటి ఎదురుగా 'వాడుతున్నారు' అని టిక్కు పడింది.

వేరే చోట్ల ఇంతకంటే ఘోరాలు జరిగాయి. 2017 జూన్‌లో రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్‌లో, బయటికి వెళ్లిన ఆడవాళ్లను ఫోటోలు తీస్తున్నారని అడ్డుపడిన ఒకాయన ఆ గొడవ తర్వాత చనిపోయాడు. కొట్టి చంపారని ఇంటివాళ్లు, కాదని అధికారులు. 2019 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లాలో బహిరంగంగా మలవిసర్జన చేశారని ఇద్దరు దళిత పిల్లలను కొట్టి చంపారు. ఆ పిల్లల ఇంటికి మరుగుదొడ్డే లేదు. సరిగ్గా వారం తర్వాత, అక్టోబరు 2న, దేశంలో పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చిన కాలంలోనే చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మాత్రం దేశంలో 19 శాతం ఇళ్లవాళ్లు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని చెప్పింది.

హెల్మెట్ పెట్టుకోకపోతే ఫైన్ వేస్తున్నాం కదా, దీనికి వేస్తే తప్పేంటి అని నన్ను చాలామంది అడిగారు, మా తమ్ముడు కూడా అడిగాడు. హెల్మెట్ రోడ్డు మీద కనిపిస్తుంది తమ్మీ, పోలీసాయన చౌరస్తాలో నిలబడితే చాలు. ఇది తెల్లవారుజామున ప్రతి మనిషీ, బతికున్నన్ని రోజులూ, ఎవరూ చూడని చోట చేసే పని. ఎన్ని సీటీలు కొంటారు? ఎన్నేళ్లు ఊదుతారు? సీటీ ఆగిన మర్నాడు మళ్లీ కట్ట మీదికే పోతారు, మా ఊళ్లో అదే జరిగింది, ఇక ఊళ్లో ఎవరూ బయటికి పోవడం లేదని ప్రకటించిన డిక్లరేషన్ ఫంక్షన్ అయిన వారానికి. పైగా మన పెన్షన్లు తీసుకునేది ఎవరు, ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, వికలాంగులు. ఊళ్లో ఆ గదిలోకి పోవడం అందరికంటే కష్టమైన వాళ్లు వీళ్లే. వాళ్ల నోటి కాడి అన్నం ఆపి ఎవరిని మారుద్దామని?

పెద్దబాపును ఎందుకు వాడటం లేదని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేను కూడా. వాడండి అని చెప్పాను, బతిమాలాను, నీళ్ల విరేచనాల పోస్టర్ చూపించాను. ఎందుకు వద్దంటున్నావు అని ఒక్కసారి కూడా అడగలేదు, సొంత మనిషిని. మోకాలికి కట్టు మార్చడానికి పోయిన రోజు అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"గా గుంత నడుము లోతు లేదు బిడ్డా. ఆర్గురం పోతే ఎన్నొద్దులొస్తది? నిండినంక ఎవడెత్తాలె? నేనెత్తనా, నీ అన్నలెత్తుతరా? మల్ల ఎవన్నో పిలిచి పైసలిచ్చి ఎత్తుమనాల్నా? నేను కాజీపేటల పనికి పోయినప్పుడు జూసిన, గంపలు నెత్తి మీద వెట్టుకొని మోసిన ఆడోళ్లను. వానొస్తే మొఖం మీదికి కారేది. గా పాపం నా ఇంట్ల నుంచి వద్దు."

నేను చేతిలో పోస్టర్ పట్టుకొని ఈగలు, క్రిములు అంటూ తిరుగుతున్నాను. ఆయన అడుగుతున్నది వేరే ప్రశ్న, ఇది ఎవరి చేత ఎత్తిస్తారు అని. ఉత్తర భారతంలో ఐదు రాష్ట్రాల పల్లెల్లో 2014లో స్క్వాట్ సర్వే అని ఒకటి జరిగింది. పనిచేసే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కూడా 40 శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒక్కరు బయటికే పోతున్నారని అందులో తేలింది. ఆ పరిశోధకులు తర్వాత చెప్పిన కారణాల్లో పెద్దది కూడా ఇదే, గుంత నిండుతుందన్న భయం, దాని వెనక అంటరానితనం. అందుకే అక్కడి జనం కడితే చాలా పెద్ద గుంతే కట్టాలనుకుంటారు, లేకపోతే అసలే వద్దు. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం కూడా వచ్చింది, కానీ ఆ చట్టం సంగతి పెద్దబాపుకు ఎవరు చెప్పారు? గుంత సంగతే చెప్పలేదు.

గుంత సంగతి నిజంగా చెప్పాల్సింది. రెండు గుంతల పద్ధతిలో ఒకసారికి ఒకటే వాడాలి. ఇటుకల మధ్య సందులు వదిలి గానీ, చిల్లులున్న సిమెంట్ రింగులతో గానీ కడతారు, అడుగున సిమెంట్ వేయరు, నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయి. మిగిలే గట్టి పదార్థం మనిషికి ఏడాదికి సుమారు 40, 45 లీటర్లకు మించదు. అందుకే చిన్నగా కనిపించే గుంత ఐదుగురున్న ఇంటికి నాలుగైదేళ్లు వస్తుంది. నిండాక రెండు గుంతల మధ్యలో ఉన్న డబ్బాలో ఆ గుంతకు పోయే పైపు మూసి, రెండోది తెరవాలి. మొదటిది ఏడాది నుంచి రెండేళ్లు అలాగే వదిలేస్తే పొడి మట్టిలా అవుతుంది, వాసన ఉండదు, పార పట్టుకొని ఇంటివాళ్లే తీసి చేనులో చల్లుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకులో ఊరేది వేరు, ఇది వేరు. రేగడి నేలల్లో నీళ్లు నిదానంగా ఇంకుతాయి కాబట్టి గుంత పక్కన ఇసుక పోయించుకుంటే మంచిది, బావి పక్కన, బోరు పక్కన తవ్వకూడదు. పెద్దబాపు వాళ్లింట్లో గుంతలు రెండూ ఉన్నాయి, మేస్త్రి మాత్రం డబ్బాలో ఒక పైపు మూయకుండా పైన బండ పెట్టి సిమెంట్ చేసి పోయాడు. రెండూ ఒకేసారి నిండుతున్నాయి. అంటే పెద్దబాపు భయం నిజమే, ఆ ఇంట్లో నిజంగానే ఎత్తాల్సి వచ్చేది.

ఇదంతా నోటితో చెప్తే ఆయన నమ్మలేదు. నమ్మాలని కూడా లేదు, మలం మట్టి అవుతుందంటే ఎవరు నమ్ముతారు? అప్పుడు గంగదేవిపల్లి గుర్తొచ్చింది. గీసుగొండ మండలంలో ఉంది, మనవాళ్లందరికీ తెలిసిన ఊరే, మందు మానేసి, ప్రతి పనికీ ఒక కమిటీ పెట్టుకొని, నిర్మల్ గ్రామ పురస్కారం తెచ్చుకున్న ఊరు. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, 23 రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చిన కార్యక్రమంలో, అక్కడ ఒక ఇంటి గుంతలోకి తానే దిగి ఎరువు తీశారు. ఆ నెల మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ సంగతి చెప్పారు. ఢిల్లీలో అంత పెద్ద హోదాలో ఉన్న మనిషి గుంతలోకి దిగాడంటే అది మాటలతో చెప్పడం కాదు. నాకు ఈ పథకం మొత్తంలో నచ్చిన పని అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

ఒక ట్రాలీ ఆటో మాట్లాడి మా వాడ నుంచి పద్నాలుగు మందిని తీసుకుపోయాను, పెద్దబాపును ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఏం చూడాలో ముందే చెప్పలేదు, ఊరు చూసొద్దాం రండి అన్నాను, ఉపన్యాసాలు కూడా వద్దని అక్కడి వాళ్లను అడుక్కున్నాను. అక్కడ ఒక ఇంటావిడ తట్టలో నల్లటి మట్టి తెచ్చి చూపించింది. మావాళ్లు వెనక్కి జరిగారు. ఆమె చేయి పెట్టి తీసి, మెత్తగా నలిపి చూపించింది. పెద్దబాపు చాలాసేపు చూసి, తర్వాత తనూ వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు. "మక్క చేన్లకు మంచిగుంటది" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడే మారిపోయాడని అనుకోకండి. మూడు వారాలు పట్టింది, ముందు మేస్త్రిని పిలిపించి ఆ బండ పగలగొట్టించి పైపు మూయించాడు, దగ్గరుండి. తర్వాత రాత్రి పూట పోవడం మొదలుపెట్టాడు, తర్వాత ముసురు పట్టిన రోజుల్లో, దసరా నాటికి రోజూ. నేను తిరిగిన ఇళ్లలో చాలా చోట్ల ఇదే వరుస చూశాను, మొదట రాత్రి, తర్వాత వాన, తర్వాత జ్వరం వచ్చిన రోజు. అందుకే పొద్దున బయటికి పోతున్నారని కోప్పడే బదులు, రాత్రి లోపలికే పోతున్నారా అని అడగడం మొదలుపెట్టాను. అవునంటే మన పని సగం అయినట్టే.

ఒక ఇంట్లో కూడా ఒకే కారణం ఉండదు, ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. పెద్దమ్మకు గుంత భయం లేదు, గది భయం. రేకు తలుపు వేస్తే చీకటి, ఊపిరాడదు, మోకాళ్ల నొప్పులకు కూర్చుంటే లేవలేదు, లోపల పడిపోతే ఎవరికి వినిపిస్తుంది? గోడకు ఒక ఇనుప రాడ్డు వేయించాం పట్టుకొని లేవడానికి, పైన జాలీ తీయించాం, బల్బు పెట్టించాం, పగలు తలుపు బదులు పాత చీర పరదా కట్టాం. అంతే. ఆమె కోడలికి ఏ భయమూ లేదు, మొదటి నుంచీ వాడాలనే ఉంది, ఆమె బాధ నీళ్లు. భగీరథ నల్లా రాకముందు బోరింగు నుంచి ఆరుగురికి ఆమే మోయాలి. ఆ నీళ్లు కూడా మామూలు కంటే ఎక్కువ పట్టేవి, ఎందుకంటే మేస్త్రి టౌన్లో దొరికే బల్లపరుపు బేసిన్ వేశాడు, దానికి బకెట్ పోస్తే గానీ పోదు. ఊళ్లకని లోతుగా, ఏటవాలుగా చేసిన బేసిన్ ఉంటుంది, దానికి లీటరున్నర, రెండు లీటర్లు చాలు. ఇంట్లో మగవాళ్లు వాడటం మొదలుపెడితే నీళ్ల మోత తన మీదే పడుతుందని ఆ పిల్ల భయం, ఆమె నాతో గుసగుసగా చెప్పింది. కాబట్టి మీటింగులో మగవాళ్లకు చెప్పాల్సింది ఆడవాళ్ల గౌరవం గురించిన డైలాగులు కాదు, ఎవరి బకెట్ వాళ్లు నింపుకోండి అని.

మగవాళ్ల సంగతి వేరే. పొద్దున ఐదింటికే పొలం దగ్గర ఉంటారు, ఇంట్లో ఎంత మంచి లెట్రిన్ ఉన్నా ఏం లాభం? మన దగ్గర 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రిళ్లు మోటరు కోసం పోవడం చాలా తగ్గింది, పొద్దున పని కానిచ్చుకొని పోయే వీలు వచ్చింది, ఇది నేను చెప్తే మా అన్నలు కూడా ఒప్పుకున్నారు. అయినా పొలంలో అవసరం పడుతుంది. అప్పుడు కాలువకు, బావికి దూరంగా చిన్న గుంత తీసి మట్టి కప్పమని చెప్పేదాన్ని. రూల్స్ ప్రకారం అలా చెప్పకూడదన్నారు మా పైవాళ్లు. ఎవరూ పాటించని రూల్ కంటే మట్టి కప్పడం నయం అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

చిన్నపిల్లల ముడ్డి కడిగి ఆ మలాన్ని వాకిలి పక్కన పారబోయడం ఇంకొకటి. పాలు తాగే పిల్లలది, ఏం కాదు అంటారు. పసిపిల్లల మలంలో కూడా రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి, అదీ లెట్రిన్లోనే పోయాలి. ఇది అంగన్‌వాడీ టీచర్ చెప్తే తల్లులు విన్నారు, నేను చెప్తే అంతగా వినలేదు. ఎవరు చెప్తే వింటారో వాళ్లతోనే చెప్పించాలి. గుంత గురించి మా పెద్దబాపు చెప్తే మా వాడలో ముసలివాళ్లు విన్నట్టు కలెక్టర్ గారు చెప్పినా వినరు.

బంగ్లాదేశ్‌లో 1999, 2000 ప్రాంతంలో కమల్ కార్ అనే ఆయన ఊరివాళ్లే కలిసి తమ ఊరి సంగతి చూసుకునే ఒక పద్ధతి మొదలుపెట్టారు, మాకు ట్రైనింగులో నేర్పింది అదే. పంచాయతీ ఆఫీసు ముందు ముగ్గుతో ఊరి పటం వేయించాం, ఎవరి ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, బోరింగు ఎక్కడ. తర్వాత ఎవరు ఎక్కడికి పోతారో అక్కడ పసుపు చల్లమన్నాం. మొదట ఒకటే నవ్వులు. బోరింగు చుట్టూ, బడి వెనక పసుపు నిండేసరికి నవ్వులు ఆగిపోయాయి, ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అంత మంచి మీటింగ్ నేను మళ్లీ చేయలేదు. కానీ అదే పద్ధతి పేరు చెప్పి పిల్లల చేతికి సీటీలిచ్చి తాతల వెనక పంపడం కూడా చూశాను. పటం ముందు సిగ్గుపడితే ఊరంతా కలిసి పడ్డాం, ఏం చేద్దాం అని ఊరంతా కలిసే మాట్లాడుకున్నాం. టార్చ్‌లైట్ ముందు ఒక్క ముసలి మనిషి నిలబడ్డాడు, ఆయన పక్కన ఎవరూ లేరు.

రెండు రోజుల తర్వాత తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. నోటీసులు పక్కన పెట్టి, లిస్టులో మొదటి పేరున్న ఒంటరి ముసలమ్మ ఇంటికి పోయాడట. గంటసేపు కూర్చుంటే గానీ చెప్పలేదట, లెట్రిన్ తలుపు రోడ్డు వైపుంది, ఎదురుగా కిరాణా అరుగు మీద మగవాళ్లు పొద్దంతా కూర్చుంటారు, చెంబు పట్టుకొని వాళ్ల ముందు నుంచి లోపలికి ఎట్లా పోవాలి అని. "చీకట్ల కట్టకు పోతె ఎవలూ చూడరు గద బిడ్డా" అందట.

"తడక కడితే సరిపోతదా అక్కా, తలుపు తిప్పాల్నంటే గోడ పగలగొట్టాలె" అన్నాడు. ఎంత ఎత్తు కావాలో ఆమెను నిలబెట్టి చూడు, అరుగు మీద నువ్వే కూర్చొని చూడు అని చెప్పాను. ఆదివారం కడతాడట. ములుగు నుంచి వెదురు తెప్పిస్తున్నాడు.